ఇల్లు ఎక్కడని రాయాలి

"బావగారూ, మళ్ళీ మొదట్నించీ చెప్పండి. ఈసారి మీ ఆఫీసు భాషలో కాదు, నాకు చెప్పినట్టు చెప్పండి," అన్నాడు అద్దాల మాస్టారు.

ఆయన గొంతు పెరగలేదు. అందుకే అందరికీ భయంగా ఉంది. కోపం వస్తే గొంతు తగ్గే రకం ఆయన.

ఆదాయపన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చిన దగ్గర్నించీ ఆ మూడు గదుల ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. నోటీసు వచ్చింది ఆయన పేర కాదు, ఆయన భార్య పేర. ఆమె వంతెనల ఇంజనీరు. రెండేళ్ళుగా పరాయి దేశంలో, సముద్రపు పాయ మీద కడుతున్న వంతెన పనిలో ఉంది. కబురు అందగానే సెలవు పెట్టి నిన్న దిగింది. తెచ్చుకున్న పెట్టె తాళమైనా తియ్యకుండా గుమ్మం పక్కనే ఉంది. తను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వానకు తడుస్తున్న వీధిలోకి చూస్తోంది. వచ్చిన దగ్గర్నించీ నాలుగు ముక్కలు మాట్లాడిందో లేదో.

బల్లకి అటువైపు కూర్చున్న ఆడిటరు ఆమె అన్నయ్య. చెల్లెలి పన్ను లెక్కలు చూసేది ఆయనే. చెల్లెలు దేశం విడిచి వెళ్ళిన మనిషి, అక్కడి జీతంతో ఇక్కడి పన్నుకి సంబంధం లేదు అని నిరుటి లెక్క దాఖలు చేసిందీ ఆయనే. ఇప్పుడు ఆఫీసువాళ్ళు కాదు పొమ్మంటున్నారు.

ఆడిటరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. దాంట్లో బిళ్ళలు అరగదీసి బిగించింది అద్దాల మాస్టారే. కళ్ళద్దాల షాపులో పద్దెనిమిదేళ్ళుగా ఆయన చేసే పని అదే. తన చేతి పని అవతలివాళ్ళ ముఖం మీద చూసుకుంటూ వాళ్ళతో గొడవపడటం ఆయనకి ఇదే మొదటిసారి.

"విమానం ఎక్కినంత మాత్రాన వెళ్ళిపోయినట్టు కాదు బావా," అన్నాడు ఆడిటరు. "ఉద్యోగం ఎక్కడ, జీతం ఏ బ్యాంకులో పడుతోంది, అవి తర్వాతి మాటలు. మొదట చూసేది మనిషి ఏడాదిలో ఎంతకాలం ఎక్కడ ఉందని. సగం ఏడాది దాటి ఇక్కడ ఉందంటే, ఇక్కడి మనిషే. ఇక్కడి మనిషైతే ప్రపంచంలో ఏ మూల సంపాదించినా ఇక్కడ చెప్పాలి."

"అక్కడ ఒకసారి కోసుకున్నారు కదా. ఒకే జీతానికి రెండుచోట్ల కోతేమిటి?"

అలా రెండుసార్లు కొయ్యరని, అక్కడ కట్టింది ఇక్కడ తగ్గిస్తారని ఆడిటరు ఓపిగ్గా చెప్పాడు. కాకపోతే అక్కడి పన్ను బాగా తక్కువ. తగ్గించగా మిగిలింది కట్టాలి, ఆలస్యానికి వడ్డీ కట్టాలి, తప్పుగా రాసినందుకు జరిమానా కట్టాలి. పైగా ఆమె నిరుడు ఇక్కడున్నన్నాళ్ళూ ఖాళీగా కూర్చోలేదు. ఇదే బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని వంతెన పని చేసింది. ఇక్కడ కూర్చుని చేసిన పనికి ఇక్కడ పన్ను తప్పదు, దాని గురించి వాదన కూడా లేదు.

ఇదంతా వింటూ టీ కప్పులు తెచ్చి పెడుతున్న అద్దాల మాస్టారి అక్క ఉండబట్టలేక నోరు విప్పింది. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటూ, మరదలు పైదేశం వెళ్ళినప్పటి నుంచి ఇల్లు మొత్తం నెత్తిన వేసుకున్న మనిషి. మొగుడి కాలు విరిగితే చూసుకోవడానికి పెళ్ళాం వచ్చిందని, దానికి కూడా పన్ను వేస్తారా, ఆ ఆఫీసులో ఎవరికీ పెళ్ళిళ్ళు కాలేదా అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. కాలు విరిగిన సంగతి వచ్చేసరికి అందరి కళ్ళూ గోడకి ఆనించిన చేతికర్ర మీదికి పోయాయి.

నిరుడు షాపు పైకప్పు కింద బోర్డు సరిచేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడాయన. తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల కడ్డీ వేశారు. భార్య మరునాడే విమానంలో వచ్చింది. చాలాకాలం ఉంది. మళ్ళీ వెళ్ళిపోయింది. ఆ రాకపోకలన్నీ ఆఫీసువాళ్ళు పాస్‌పోర్టు ముద్రలతో సహా బయటికి తీశారు.

"ఎంతవుతుంది?" అని అడిగాడు అద్దాల మాస్టారు.

ఆడిటరు అంకె చెప్పకుండా, "నువ్వు షాపు కోసం పక్కన పెట్టింది మొత్తం పోతుంది. అది చాలదు కూడా," అన్నాడు.

అద్దాల మాస్టారు తల ఊపాడు. వచ్చే నెల నుంచి సొంత షాపు. వీధి చివర గది మాట్లాడుకున్నాడు. గోడలకి ఏ రంగు వెయ్యాలో అక్కతో మూడుసార్లు మాట్లాడాడు. అంత సంగతీ ఆ తల ఊపడంలోనే పోయింది.

"పోనివ్వండి," అన్నాడు. "షాపు లేకపోతే మానె. నేనడిగేది అది కాదు. ఆవిడ ఎంతకాలం ఉంటే గీత దాటుతుందో మీకు తెలుసు కదా. అది మీ వృత్తి. నేను బిళ్ళ తేడాగా బిగిస్తే రోగికి తల తిరుగుతుంది, తప్పు నాదే అంటాను. మీరు ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఈ గొడవే లేదు. చెల్లెలి లెక్క చూసుకోలేకపోయారా?"

మాట గట్టిగానే తగిలింది. ఆడిటరు ముఖం నల్లబడింది. ఊళ్ళో ఎంతోమంది ఆయన సంతకాన్ని నమ్ముకుని నిద్రపోతారు. అలాంటి మనిషిని సొంత చెల్లెలింట్లో, చెల్లెలి ఎదుటే, పని చేతకాదని అన్నట్టయింది. అక్క కప్పులు సర్దే నెపంతో బల్ల దగ్గరే నిలబడిపోయింది.

ఆడిటరు చెల్లెలి వంక చూశాడు. ఆమె కిటికీ నుంచి తల తిప్పలేదు.

"చెప్పొద్దన్నావు. ఇప్పుడు కూడా చెప్పొద్దా?" అని అడిగాడు.

ఆడిటరు కుర్చీ బావ వైపు తిప్పుకున్నాడు.

"లెక్క నేను చూశాను బావా," అన్నాడు ఆడిటరు. "వారం వారం చూశాను. ఫలానా తారీకు లోపల విమానం ఎక్కకపోతే మునుగుతావని చెప్పాను. టిక్కెట్టు కూడా కొన్నాను. ఎక్కలేదు. నీకు ఆ వారంలోనే జ్వరం తగిలింది, కుట్టు దగ్గర చీము పట్టింది, గుర్తుందా? ఎంత నష్టమో వివరంగా చెప్పాను దానికి. విని, తెలిసి, ఉండిపోయింది. తర్వాత నేను చేసింది ఒకటే తప్పు. రోగి దగ్గర ఉండాల్సి వచ్చిందంటే మినహాయింపు ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు."

అద్దాల మాస్టారు భార్య వైపు తిరిగాడు.

ఆయనకి ఆ రోజులు బాగా గుర్తున్నాయి. మంచం మీద కదలకుండా పడుకుని ఉండేవాడు. బాల్కనీ తలుపు ఓరగా ఉండేది. అవతల భార్య ఫోనులో మాట్లాడుతుండేది, లోపలికి వినపడకూడదని గొంతు తగ్గించి. అయినా ఒకటి వినపడింది. 'ఇంకా ఎన్ని రోజులున్నాయి అన్నయ్యా?' ఇంకో వారం తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. రోజులు లెక్కపెట్టుకుంటోంది, ఈ మంచం దగ్గర్నించి ఎప్పుడు బయటపడదామా అని చూస్తోంది అనుకున్నాడు. ముల్లు దిగినట్టు దిగింది ఆ మాట.

ఆ తర్వాత ఆయన ఆవిడతో గొడవ పడలేదు. మర్యాదగా మారిపోయాడు. మంచినీళ్ళు కావాలంటే ఆవిడని అడగడం మానేశాడు. అక్కని పిలిచేవాడు. నొప్పి ఎలా ఉందంటే తగ్గిందనేవాడు. నీకు పని ఉంటే చూసుకో, ఇక్కడ అంతా బాగానే జరుగుతోంది అనేవాడు. వెళ్ళేవాళ్ళకి దారి ఇస్తున్నాననుకున్నాడు. వెళ్ళిపోయిన రోజు గుమ్మం దాకా కర్రతో నడిచి వచ్చి, జాగ్రత్త అని ఒక్క మాట అన్నాడు. ఏడాదిగా ఆ కోపాన్ని ఎవరికీ కనపడకుండా కడుపులో దాచుకున్నాడు. ఒక్క అక్కకి మాత్రం ఒకసారి చెప్పుకున్నాడు.

అక్కకి కూడా అది గుర్తొచ్చినట్టుంది. తమ్ముడి ముఖంలోకి చూడలేక కప్పులు తీసుకుని వంటింట్లోకి నడిచింది. కడిగిన చప్పుడు మాత్రం రాలేదు.

"నువ్వు ఫోనులో రోజులు అడగడం విన్నాను," అన్నాడు అద్దాల మాస్టారు, భార్యతో. "ఎప్పుడు వెళ్ళాలా అని అడుగుతున్నావనుకున్నాను."

ఆమె మొదటిసారి ఇటు తిరిగింది. చాలాసేపు ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎప్పటిదో ఒక లెక్క ఇప్పుడు తెగుతున్నట్టుంది.

"అందుకా?" అంది.

"అందుకే."

"అడగొచ్చు కదండీ."

నువ్వు చెప్పొచ్చు కదా అనే మాట నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. మంచంలో ఉన్న మనిషికి, నీ వల్ల నాకింత నష్టం అని ఆమె ఎలా చెప్తుంది?

వాన కొంచెం తగ్గింది. కింద ఎవరో గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కుతున్నారు. ఇదే అదననుకున్నాడు ఆడిటరు. భార్యాభర్తల మధ్య ఏదో ముడి విడిపోయిందనీ, ఇక పని ముందుకు జరుగుతుందనీ ఆయనకి తోచింది. పాపం, పొరపడ్డాడు.

కుర్చీ ముందుకు జరుపుకుని కొత్త ఉత్సాహంతో చెప్పసాగాడు. ఒక దారి ఉంది. రెండు దేశాలూ ఒకే మనిషిని మా మనిషే అన్నప్పుడు, ఆ తగువు తీర్చడానికి రెండింటి మధ్యా ముందే కుదిరిన ఒప్పందం ఉంటుంది. దాని ప్రకారం మొట్టమొదట అడిగేది జీతం గురించి కాదు. ఈ మనిషి స్థిరమైన ఇల్లు ఎక్కడుంది అని. రెండుచోట్లా ఉందంటే, ఆ మనిషికి కావలసినవాళ్ళు, బతుకు ఎక్కువగా ఎటువైపు ముడిపడి ఉన్నాయి అని. అక్కడే ఉన్నాయని తేలితే ఇక్కడి ఆఫీసు తప్పుకుంటుంది. ఈ బల్ల మీద చేసిన పని వరకు కడితే చాలు. షాపు దక్కుతుంది.

"తేల్చడం ఎలా?" అన్నాడు అద్దాల మాస్టారు.

"అక్కడ గది అద్దెకి ఉంది కదా, ఆ పత్రం ఉంది. ఆ దేశం వాళ్ళు మా మనిషే అని కాగితం ఇస్తారు. ఇక చిక్కల్లా నువ్వే బావా. మొగుడు ఇక్కడుంటే ఇల్లు ఇక్కడ లేదంటే ఎవరు నమ్ముతారు? నువ్వు కూడా అక్కడుంటే ఆఫీసు నోరెత్తేది కాదు. లేవు కాబట్టి, మేమిద్దరం విడిగా ఉంటున్నాం, ఆవిడ సంసారం అక్కడే అని నువ్వొక వాంగ్మూలం ఇవ్వాలి. రెండు వాక్యాలు. నేనే రాస్తాను. సంతకం చేస్తే చాలు. ఎల్లుండి లోపల జవాబు వెయ్యాలి."



అద్దాల మాస్టారు కర్ర అందుకుని లేచాడు. కాలు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది.

"షాపు పోనీ, ఇల్లు తాకట్టు పెడదాం. నేను ఇంకో పదేళ్ళు ఇంకొకళ్ళ కొట్లోనే బిళ్ళలు అరగదీసుకుంటాను," అన్నాడు. "నష్టమని తెలిసి కూడా నాకోసం ఉండిపోయిన మనిషిని పట్టుకుని, మేం విడిగా ఉంటున్నామని రాసిస్తానా? అబద్ధం మీద సంతకం పెట్టను బావగారూ. ఈ మాట మళ్ళీ ఎత్తకండి."

ఆ మాట అన్నాక ఆయనకి ఏడాది నుంచి పేరుకున్నదంతా ఒక్క మాటతో కడిగేసినట్టు అనిపించింది. భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు చెమ్మగిల్లి ఉంటాయనుకున్నాడు.

లేవు.

"అది అబద్ధమని ఎందుకనుకుంటున్నారు?" అంది ఆమె.

ఆడిటరు కలం బల్ల మీద పెట్టేశాడు.

ఆమె నింపాదిగానే చెప్పింది. ఎవరినీ నిందించే స్వరం కాదు. కొలతలు చదివి వినిపిస్తున్నట్టుంది. ఆ తారీకున విమానం ఎక్కకపోవడానికి కారణం తనకి బాగా తెలుసు. ఆయన జ్వరంలో ఉన్నాడు, వదిలి వెళ్ళబుద్ధి కాలేదు, అంతే. అది త్యాగమని అనుకోలేదు. ఇంటికి వచ్చాను, ఇంట్లో ఉన్నాను అనుకుంది. కానీ ఉన్నకొద్దీ అది తన ఇల్లు కాదని తెలిసింది.

"మీకు దాహం వేస్తే అక్కా అని పిలిచేవారు. నేను పక్క గదిలోనే ఉండేదాన్ని. చేతిలో పని ఆపుకుని కూర్చునేదాన్ని, రేపైనా నన్ను పిలుస్తారేమోనని. వదిన నాకు బీరువాలోంచి కొత్త తువ్వాలు తీసి ఇచ్చేది, చుట్టాలొస్తే తీసేది. టీలో చక్కెర ఎంత అని అడిగేది. అందరూ చాలా మర్యాదగా ఉన్నారు. మర్యాద చేస్తుంటే ఎక్కడ కోప్పడను? ఎవరి మీద కోప్పడను?"

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరదలు అలిసిపోయి వచ్చిందని, మంచి తువ్వాలు ఇవ్వాలని ఇచ్చింది తప్ప ఇంకేం లేదని ఆమె మనసులో ఉంది. ఆ మాట ఇప్పుడంటే ఇంకా అన్యాయంగా ఉంటుందని ఊరుకుంది.

"అక్కడ ఒక్క గదే," అంది ఇంజనీరు. "వంతెన పని నుంచి వచ్చేసరికి ఒళ్ళు హూనమవుతుంది. పక్కింటావిడ నా గిన్నె అడక్కుండా తీసుకుపోతుంది, నేను ఆవిడ బకెట్టు అడక్కుండా తెచ్చుకుంటాను. ఎవరూ నాకు మర్యాద చెయ్యరు. అన్నయ్యా, ఆ ఒప్పందంలో ఇల్లు ఎక్కడని అడుగుతారని మొన్న ఫోనులోనే అన్నావు చూడు. మొదటిసారి ఎవరో నన్ను ఆ ప్రశ్న అడిగారు. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. పన్ను తగ్గుతుందని కాదు. నిజమే రాయమంటే, అక్కడే అని రాయాలి."

అద్దాల మాస్టారు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

మంచం మీంచి తనే పిలిచిన పిలుపులు ఒక్కొక్కటే చెవిలో మోగాయి. ఆవిడ వెళ్ళిపోవాలని చూస్తోందనుకుని దారి ఇచ్చాడు. ఆవిడేమో ఆ దారి చూపించి పొమ్మంటున్నారనుకుంది. పన్ను ఆఫీసు లెక్క ప్రకారం ఆవిడ అన్నాళ్ళూ ఈ ఇంటి మనిషి. ఈ ఇంట్లో మాత్రం ఆవిడని ఒక్క పూట కూడా అలా చూసినవాళ్ళు లేరు.

ఆడిటరు కాగితాలు దగ్గరికి తీసుకుని దస్త్రంలో పెట్టుకోసాగాడు. ఎన్నో ఇళ్ళలో ఆస్తి తగువులు చూశాడు, అన్నదమ్ములు ఒకరి ముఖం మీద ఒకరు కాగితాలు విసురుకోవడం చూశాడు. ఇలాంటిది చూడలేదు. ఈ పూటకి వదిలేద్దామని, రేపు మాట్లాడదామని ఏదో గొణిగాడు. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు.

"ఆ గదిలో ఇంకొకళ్ళకి చోటుంటుందా?" అని అడిగాడు అద్దాల మాస్టారు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అక్క గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

"నేను వస్తాను," అన్నాడాయన. "చూపు ఆననివాళ్ళు అక్కడ మాత్రం ఉండరా? బిళ్ళలు అరగదీసే పని ఎక్కడైనా ఒకటే. దొరికేదాకా ఇంట్లో ఉంటాను. నీకు దాహం వేస్తే నన్ను పిలువు."

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తమ్ముడు వెళ్ళిపోతే ఈ ఇంట్లో తన సంగతేమిటని ఆ క్షణంలో ఆమెకి తోచిందో లేదో, తోచినా పైకి కనపడనివ్వలేదు.

ఆడిటరు ముఖం మాత్రం వెలిగింది. ఆయన చెడ్డవాడు కాదు. వృత్తి అలాంటిది, నోరు ఊరుకోలేదు. "అలా అయితే ఇంకేముంది బావా. భర్త కూడా మకాం మారుస్తున్నాడని రాస్తాను. వాంగ్మూలం అక్కర్లేదు. నోటీసు వీగిపోయినట్టే, షాపు డబ్బు కూడా..." అని, చెల్లెలి ముఖం చూసి అక్కడితో ఆపాడు.

ఆలస్యమైపోయింది. ఆమె భర్త వైపే చూస్తోంది. చోటుంటుందా అని ఆయన అడిగినప్పుడు ఆమె ముఖంలోకి వచ్చిన మెత్తదనం, వచ్చినంత తొందరగానే వెనక్కి పోతోంది.

"మీరు పన్ను కోసం అడుగుతున్నారా," అంది, "నా కోసం అడుగుతున్నారా?"

కాదు అనడానికి, నీ కోసమే అనడానికి అద్దాల మాస్టారికి ఒక్క మాట చాలు. కానీ ఆయన పుట్టుకతోనే నిజాయితీ మనిషి. షాపు సంగతి తన మనసులో ఏ మూలైనా ఉందా లేదా అని ఒక్క క్షణం తనలోకి తను చూసుకున్నాడు.

ఆ ఒక్క క్షణమూ ఆమె చూసింది. లేచి, గుమ్మం పక్కనున్న పెట్టె పిడి అందుకుంది.